రెండో గేరు వదలని బావ

ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. మరదలు పది గంటలకల్లా కొండ మీది వాతావరణ కేంద్రానికి చేరుకుని కొత్త ఉద్యోగంలో చేరాలి. లేకపోతే ఆ ఉద్యోగం వరసలో తర్వాతి వాళ్లకి వెళ్లిపోతుంది. రాత్రంతా కురిసిన వానకి కొండ బస్సు రాలేదు. అక్క కంగారుపడింది. బావ ముఖం మాత్రం వెలిగిపోయింది.

బావకి కళ్లజోళ్ల దుకాణం ఉంది. ఈమధ్యే ఒక పాత జీపు కొని, పోయిన ఆదివారం బురదలో బండి నడిపే శిక్షణకి కూడా వెళ్లొచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అప్పటినుంచి ఇంట్లో అవే కబుర్లు. బురదలోకి దిగకముందే గేరు ఎంచుకోవాలట. దిగాక క్లచ్ జోలికి పోకూడదట. ఇంజన్ వేగం పెంచకూడదు, తగ్గించకూడదు. మధ్యలో ఆగామా, చక్రాలు కూరుకుపోయినట్టేనట. అన్నం వడ్డిస్తూ అక్క ఇవన్నీ ఎన్నిసార్లు విన్నదంటే, ఈపాటికి ఆవిడే నలుగురికి నేర్పగలదు.

"నువ్వు ఈ ముల్లు చూస్తూ ఉండు," అంటూ ఇంజన్ వేగం చూపించే మీటరుని మరదలికి అప్పగించాడు బావ. "రెండు వేల మీదే నిలబడాలి. కదిలితే చెప్పు."

కొండ మొదట్లోనే తారు రోడ్డు అయిపోయి బురద మొదలైంది. బావ జీపు ఆపి, బరువు లాగే చిన్న గేర్లలోకి మీట మార్చి, రెండో గేరు వేసి, ఊపిరి బిగబట్టి బండిని బురదలోకి దించాడు. జీపు ఒకే శ్రుతిలో హోరుమంటూ కదిలింది. మనిషి పరిగెత్తేంత వేగం, అంతే. పెరగలేదు, తరగలేదు. చక్రాలు జారుతూ, పట్టు దొరకబుచ్చుకుంటూ ఎక్కుతుంటే మరదలికి భయమూ నవ్వూ కలిసి వచ్చాయి.

కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఒక రొట్టెల వ్యాను, ఒక తెల్ల కారు, ఒక చిన్న లారీ వరసగా ఆగి ఉన్నాయి.

"చూశావా, మధ్యలో గేరు మార్చి ఉంటారు. ఇరుక్కుపోయారు పాపం," అన్నాడు బావ జాలిగా.

వాటికి ముందు ఎర్రజెండా పట్టుకున్న మనిషొకడు రెండు చేతులూ ఊపుతున్నాడు. అతను కూడా ఇరుక్కున్నవాళ్లలో ఒకడనీ, ఎక్కించుకోమని అడుగుతున్నాడనీ బావ తేల్చేశాడు. ఆగితే కూరుకుపోతాం, ఆగకపోతే పాపం. అందుకని పరిగెత్తుతూ ఎక్కేయమని కిటికీలోంచి కేకేశాడు. ఆ మనిషి తలుపు పట్టుకుని ఏదో చెబుతూ పక్కనే పరిగెత్తాడు. ఇంజన్ హోరులో ఒక్క ముక్కా వినపడలేదు. చక్రాల కింద పడతాడేమోనని మరదలు వెనక సీట్లోకి దూకి, తలుపు తీసి, అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగేసింది.

కాసేపటికి అతనికి ఊపిరి అందింది. పైమలుపులో చెట్టు పడిందనీ, మధ్యాహ్నం మనుషులొచ్చి దాన్ని కోసి తీసేదాకా ఒక్క బండినీ పోనివ్వకుండా ఆపడానికే తనని అక్కడ నిలబెట్టారనీ చెప్పాడు.



"ఆపండి సార్. నా ఉద్యోగం పోతుంది," అన్నాడు జెండా మనిషి.

"నాది ఇంకా చేతికే రాలేదండీ," అంది మరదలు.

బావ ఆపేవాడే. కానీ అద్దంలో చూస్తే వెనకాలే రొట్టెల వ్యాను, దాని వెనక తెల్ల కారు, ఆ వెనక లారీ. ఆపాల్సిన మనిషే జీపెక్కి వెళ్లాడంటే దారి తెరిచినట్టేనని మూడూ జీపు చక్రాల గాడిలో పడి వచ్చేస్తున్నాయి. ఇప్పుడు ఆగితే జీపు జారి వ్యాను మీద కూర్చుంటుంది. జెండా మనిషి వెనకనుంచి సగం బయటికి వంగి, ఆగండి ఆగండంటూ జెండా ఊపాడు. దారి చూపిస్తున్నాడనుకుని వ్యాను డ్రైవరు హుషారుగా హారన్ కొట్టాడు. ఎంత గట్టిగా ఊపితే అంత దగ్గరికి వచ్చారు.

"ముల్లు ఎక్కడుంది?" అని అరిచాడు బావ.

మరదలు ముందుకి వంగి చూసింది. "రెండు వేల మీదే ఉంది బావా. నా గుండే ఎక్కడుందో తెలీడం లేదు."

మలుపు తిరగ్గానే చెట్టు కనిపించింది. అదృష్టం, అక్కడ నేల రాతినేల, పైగా చదును. బావ క్లచ్ తొక్కి ఆపాడు. వెనకవాళ్లూ ఆగారు. పది కావస్తోంది. మిగిలిన దారి నడిస్తే అందదు. చెట్టు దారికి అడ్డంగా పడింది గాని మరీ లావుది కాదు. లారీలో తాడుంది. ఒక కొస చెట్టు మొదలుకీ, రెండో కొస జీపు ముందు కొక్కేనికీ కట్టారు.

బావ రివర్స్ గేరు వేశాడు. ఇప్పుడు కావాల్సింది వేగం కాదు, ఓపిక. ఇంజన్‌ని కాస్తే పెంచి, క్లచ్‌ని వెంట్రుకవాసి చొప్పున వదలాలి. ఎక్కువైతే చక్రం ఉత్తినే తిరుగుతుంది, తక్కువైతే ఇంజన్ ఆగిపోతుంది. తాడు బిగిసింది. జీపు మూలిగింది. అందరూ తలో కొమ్మా పట్టుకుని తోశారు.

మరదలు పట్టుకున్న కొమ్మకే అవతల తెల్ల కారు పెద్దమనిషి ఉన్నాడు. ఆకుల మధ్య ముఖం కనపడదు గాని గోడు మాత్రం వినపడుతోంది. తను పైన వాతావరణ కేంద్రం అధికారినని, ఇవాళ ఒక కొత్తమ్మాయి చేరాలని, ఈ తరం పిల్లలు చినుకు పడితే గడప దాటరని, ఈపాటికి దుప్పటి ముసుగేసుకుని పడుకుని ఉంటుందని చెప్పుకుపోతున్నాడు.

"వచ్చిందండీ," అంది మరదలు రొప్పుతూ. "ఈ కొమ్మకి ఇటు చివర ఉన్నది నేనే."

ఆయన ఆకులు తప్పించి చూశాడు. మోచేతుల దాకా బురద, జుట్టు నిండా పుల్లలు.

"పది దాటిపోయిందాండీ?" అని అడిగింది చిన్నగా.

ఆయన చేతిగడియారం మీది బురద తుడవబోయి మానేశాడు. "కేంద్రం తాళంచెవి నా జేబులో ఉందమ్మా. అది పైకి చేరేదాకా పది కానట్టే. తొయ్యి."

ఆమె తోసిన తోపుకే కదిలిందో, జీపు లాగితే కదిలిందో, చెట్టు గిర్రున తిరిగి పక్కకి ఒరిగింది. దారి తెరుచుకుంది. అందరూ ఒక్కసారిగా ఈలలు వేశారు. ఇంతమందినీ ఇక్కడికి చేర్చిన ధైర్యవంతుడు ఎవరని అధికారి అడిగితే, వ్యాను డ్రైవరూ లారీ డ్రైవరూ ఒకేసారి జెండా మనిషిని ముందుకి తోశారు. దారి పొడుగునా ప్రాణాలకి తెగించి జెండా ఊపాడన్నారు. చప్పట్లు మోగాయి. ఇలాంటివాణ్ని గౌరవించాలని పైవాళ్లతో తనే స్వయంగా మాట్లాడతానని అధికారి మాటిచ్చాడు. ఎర్రజెండాని వీపు వెనక దాచుకుని, జెండా మనిషి వినయంగా తలొంచుకున్నాడు.

తన వంతు కూడా వస్తుందని బావ జీపు దిగి, చొక్కా సర్దుకుని నిలబడ్డాడు. అధికారి చిరునవ్వుతో దగ్గరికొచ్చి, ఆ జీపు దారికి అడ్డంగా ఉందని, కాస్త పక్కకి తియ్యమని అన్నాడు.