ఇంటికో ఫోను, ఫోనుకో రోగి

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చిన్నది. అత్త మోకాలిని పెద్ద డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రివాళ్లు ఫోనులో పెట్టిన ఆరోగ్య యాప్ అడిగిన ప్రశ్నలన్నిటికీ వారంపాటు జవాబు చెబితేనే డాక్టరు చూస్తాడు.

ఇంట్లో ఫోను ఒక్కటే. పొద్దున కొడుకు దగ్గర, మధ్యాహ్నం కోడలి దగ్గర, సాయంత్రం అత్త దగ్గర ఉంటుంది.

"ఎవరి చేతిలో మోగితే వాళ్లే నొక్కండి. ఒక్కటి వదిలినా నా మోకాలి గతి అంతే!" అంది అత్త.

"ఇప్పుడెలా ఉన్నారు?" అని ఫోను అడిగింది. కొడుకు దర్జీ. మిషను ముందు కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందని నొక్కాడు. కోడలు లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి నిలబడి కాళ్లు వాచాయని నొక్కింది. అత్త మంచం దిగలేకపోతున్నానని నొక్కింది. గురక పెడతారా అంటే కొడుకు లేదన్నాడు. మళ్లీ అడిగితే కోడలు మొగుడి తరఫున నిజం చెప్పేసింది.

ఫోను ముందు నడవమంది, తర్వాత కదలవద్దంది, చివరికి మతిమరుపు పరీక్ష పెట్టింది. వారం తిరిగేసరికి కబురొచ్చింది: "మీది అరుదైన కేసు. వెంటనే రండి!"

"చూశారా! నా మోకాలంటే ఏమనుకున్నారు!" అంటూ అత్త కుంటుతూనే అందరికంటే ముందు గుమ్మం దాటింది.

ఆసుపత్రిలో డాక్టర్లు గుంపుగా నిలబడి ఉన్నారు.

"రోగి ఎవరు?"

"నేనే బాబూ."

"మిషను తొక్కేది?"

"వీడు."

"ఇస్త్రీ?"

"ఇది."

పెద్ద డాక్టరు కళ్లద్దాలు తీశాడు. "ఈ యాప్ ఒక్క మనిషి కోసం చేసింది తల్లీ! మనిషికో ఫోను ఉండాలి."

"మనిషికో గది కూడా ఉంటే బాగుండు బాబూ."

కేసు కొట్టేశారు. అత్తను వరుస చివరికి పంపారు.

నర్సు పిలిస్తే ఒక షావుకారు లోపలికెళ్లి వచ్చాడు. మళ్లీ పిలిస్తే మళ్లీ ఆయనే లేచాడు. ఆయనకు మూడు ఫోన్లు. జవాబులు గుమాస్తాలు నొక్కారు. యాప్ ఆయన్ను ముగ్గురు రోగులుగా రాసుకుంది.

"నాకే జబ్బూ లేదని ఇందాకే తేల్చారు. ఇంకో రెండుసార్లు వెళ్లి ఏం చెప్పను?" అని విసుక్కున్నాడు.

"ఆ రెండు వంతులూ మాకివ్వు నాయనా, మేం చెప్తాం," అని అత్త లేచింది. కోడలి చెయ్యి పట్టుకుంది. "కాళ్లు వాచాయని ఫోనుకు చెప్తావు, నాకు చెప్పవేమే? పద."

"మరి నా నడుం?" అన్నాడు కొడుకు.

"నువ్వు ముందు గురక తగ్గించు."

డాక్టరు తెర మీది షావుకారు పేరు చూశాడు, అత్తను చూశాడు, నిట్టూర్చి మోకాలు నొక్కాడు. ఆ తర్వాత కోడలి కాళ్లూ చూశాడు.

ఆ సాయంత్రం షావుకారు రెండో ఫోను ఆయన్ను మెట్లెక్కవద్దంది. మూడోది ఇస్త్రీ మానేయమంది.