పెనుకొండ చెరువులో బాంబు దుమ్ము

ఆ పొద్దున, చేపల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి మార్కండేయులు పెట్టుకున్న పని చిన్నదే. రెక్క కత్తిరించి గుర్తుపెట్టి వదిలిన బొచ్చె చేపల్ని పెనుకొండ చెరువులో మళ్ళీ పట్టించాలి. ఎంత పెరిగాయో తూచి, యూనివర్సిటీ వాళ్ళిచ్చిన యంత్రం ముందు పెట్టి చూసి, నీళ్ళలో వదిలేయాలి. సాయంత్రం బండికి ధర్మవరం పోయి అమ్మ చేతి ముద్ద తినాలి. అది 1965 ఎండాకాలం. చెరువు సగానికి సగం ఎండిపోయింది.

కొండప్ప వల వేశాడు. అతని పెళ్ళాం ఉలిగమ్మ చేపల గంప పక్కన పెట్టుకుని యంత్రాన్ని చూసింది.

"ఏమప్పా, పురుగు మాదిరి కిటకిటమంటాండాదే?"

"దేశాల్లో అణుబాంబులు పేలుస్తాండారు గదమ్మా. ఆ దుమ్ము వానల్లో కలిసి ఈడికి గూడ వచ్చిందేమోనని చూస్తాండా."

"వచ్చిందా?"

"ఉండీ లేనట్ల ఉండాది. భయం లేదు, అమ్ముకో."

ఉలిగమ్మ హిందూపురం సంతలో ఉన్నదున్నట్టే చెప్పింది. "సారు మిషన్ పెట్టి బాంబు దుమ్ము చూసినాడు. ఏం లేదన్నాడు." విన్నవాళ్ళు 'ఏం లేదన్నాడు' అన్నది అక్కడే వదిలేసి బాంబును ఇంటికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి బాంబు చెరువులో పడింది. సాయంత్రం ఆ కబురు మార్కండేయులు ఎక్కిన బండిలోనే, అతనికన్నా ముందు పెట్టెలో ఎక్కి ధర్మవరం చేరింది.

"ఆడే నిలబడు నాయనా," అంది తల్లి జయలక్ష్మమ్మ, గడపలో బిందెడు నీళ్ళతో. "ఆ డబ్బా లోపలికి తేవద్దు. మగ్గం మీద చీర ఉండాది."

మర్నాడు అతను పెనుకొండ తిరిగొచ్చేసరికి తాసిల్దారు చేపలు పట్టకూడదని దండోరా వేయించి, చెరువు దగ్గర పోలీసును కాపలా పెట్టాడు.

"చేపల్లో ఏమీ లేదు సార్," అన్నాడు మార్కండేయులు, తాసిల్దారు కచేరీకి పోయి.

"రాసిస్తావా?"

"మా ప్రొఫెసర్ గారు రాయాల సార్. ఢిల్లీ పోయినారు."

"వచ్చి రాయనీ."

మార్కండేయులుకు ఉక్రోషం వచ్చింది. యంత్రాన్ని తాను తెచ్చిన చేప ముందు పెట్టాడు. నెమ్మదిగా కిటకిటమంది. కచేరీ రాతిగోడకు ఆనించాడు. ఇంకాస్త జోరందుకుంది. "చూడండి సార్, ఈ గోడ కంటే చేపే మేలు! రాయిలో సహజంగానే ఇంత ఉంటాది."

తాసిల్దారు కుర్చీ తీసుకుని బయటికి నడిచాడు. గుమాస్తాలు అతనికన్నా ముందే చేరారు. వాళ్ళను ఆపబోయిన మార్కండేయులు చేతిలోని యంత్రం తాసిల్దారు చేతి గడియారం దగ్గరికి వచ్చి హోరెత్తింది. అది రేడియం పూసి చీకట్లో మెరిసే అంకెలున్న గడియారం, మామగారు పెళ్ళిలో పెట్టింది. ఆయన దాన్ని ఊడబెరికి బావిలోకి విసిరాడు. ఆ ఊళ్ళో రాతి ఇల్లు కానిదేది? మధ్యాహ్నానికి బడి వదిలేశారు. పొయ్యిలన్నీ వీధిలోకి వచ్చాయి.

నాలుగు రోజులు ఎండలో మాడి జనం మళ్ళీ ఇళ్ళలోకి దూరారు. గోడలను క్షమించారు. చేపల మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది.

చెరువు మడుగయింది. చేపలు నోళ్ళు తెరిచి పైకి తేలసాగాయి.

"అయ్యా, ఎట్లా చచ్చేటివే గదా, పట్టుకోనీ," అని కొండప్ప పోలీసు కాళ్ళు పట్టుకున్నాడు. "ఇంట్లో గంజికి గింజల్లేవు."

"విషమంటరా! మీ ప్రాణాలకేనబ్బా ఈ కాపలా," అన్నాడు పోలీసు, ముక్కుకు గుడ్డ కట్టుకుంటూ.

చివరికి బురదే మిగిలింది. మార్కండేయులు అందులో దిగి, రెక్క కత్తిరించిన చేపల్ని ఏరి తూచాడు. అవి అతను ఊహించిన దానికంటే బాగా పెరిగాయి. వాసన భరించలేక గట్టున కూర్చుని కక్కుకున్నాడు.

ఆ వారమే ప్రొఫెసర్ ఉత్తరం వచ్చింది. దేశంలో ఆహార కొరత మీద సభలు ముగించుకుని వచ్చిన ఆయన, ఆ చేపలు తినడానికి నిక్షేపంగా పనికొస్తాయని రాశాడు. తాసిల్దారు వెంటనే కాపలా తీసేశాడు. మార్కండేయులు ఉలిగమ్మ గుడిసెకు పరుగెత్తాడు. ఆమె సట్టీ, చెంబూ మూట కడుతోంది.

"ఉలిగమ్మా, చేప మంచిదేనని రాసిచ్చినారు!"

"నువ్వు ఆపొద్దే చెప్తివి గదప్పా." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది.

"యాడికి పోతాండారు?"

"హిందూపురం దగ్గర రాళ్ళు కొట్టే పని ఉండాదంట." మూట నెత్తికెత్తుకుని అతని ముఖంలోకి చూసింది. "పాపం, నీ చదువు గూడ పాయె గదప్పా."

మొగుడూ పెళ్ళాం స్టేషను వైపు నడిచిపోయారు.

పెనుకొండ చేప తిని ఒక్క ప్రాణం కూడా పోలేదని తాసిల్దారు గర్వంగా పైవాళ్ళకు తెలియజేశాడు. అందులో అబద్ధమేమీ లేదు, ఎవరైనా తింటే కదా.