కుసుమ పెట్టిన చైనా పరీక్ష

ఆ ఉదయం కుసుమ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అత్త చిన్నసుబ్బమ్మ ఎండ ఎక్కకముందే గొర్రెలను తోలుకుని కొండవైపు పోతుంది. భర్త శివప్రసాద్ మొదటి బస్సుకే ప్రొద్దుటూరు బయలుదేరి, తాను పనిచేసే బట్టల అంగడి చేరుకుంటాడు. ఇక ఇంట్లో ఈగ కూడా మిగలదు. అప్పుడు తలుపు గడియ పెట్టి, ఫ్యాను ఆపి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, చైనాలో ఒక హైస్కూలు పిల్లలు నలభై మందికి తాను ఇంగ్లీషు పరీక్ష పెడుతుంది.

జమ్మలమడుగులో ఆమె ఇంగ్లీషు చెప్పిన ప్రైవేటు బడి పిల్లలు చాలక మూతపడి ఏడాది దాటింది. అప్పటి నుంచి ప్రొద్దుటూరు కాలేజీలూ పులివెందుల కాలేజీలూ తిరిగితే, అందరూ కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "చూస్తాం" అన్నారు. చూస్తూనే ఉన్నారు. చివరికి బెంగళూరులో ఒక కంపెనీ ఆమెను పిలిచింది. పరాయి దేశాల బడిపిల్లలు ఇంగ్లీషు వింటే ఎంత అర్థం చేసుకుంటున్నారు, చదివితే ఎంత అర్థం చేసుకుంటున్నారు అని కొలిచి చెప్పడం ఆ కంపెనీ పని. చదివే పరీక్ష సులువు, పిల్లలు తెర మీద పాఠం చూసి జవాబులు రాసుకుంటారు. వినే పరీక్షలోనే చిక్కంతా. ఎగ్జామినర్ ప్రతి పాఠాన్నీ ఒక్కసారే చదవాలి. ఆగకూడదు, తిరిగి చదవకూడదు. ఆమె ముఖం పిల్లలకు కనిపించదు, గొంతు మాత్రమే వినిపిస్తుంది. ఈ ఒక్క పరీక్ష సవ్యంగా జరిగితే ఉద్యోగం ఖాయం.

కంపెనీలో ఆమె పై అధికారి చందన. పుట్టింది పులివెందులలోనే అయినా బెంగళూరులో చేరాక ఆ యాసను పూర్తిగా వదిలించుకున్న మనిషి. "చిన్న శబ్దం కూడా రాకూడదు కుసుమ గారూ. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి" అంది ముందు రోజు ఫోనులో.

కుసుమ చెప్పే పెట్టింది. వచ్చిన ముప్పంతా అందులోనే ఉంది.

తెల్లవారుజాము నుంచి ఆమె గొంతు సిద్ధం చేసుకుంటూ ఉంది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మిరియాల కషాయం తాగింది. పది నిమిషాలకొకసారి ఖళ్ళు ఖళ్ళుమని గొంతు సవరించుకుంది. శివప్రసాద్ బస్సెక్కిపోయాక, గొర్రెల దొడ్డి తలుపు తీస్తున్న అత్త దగ్గరకు వచ్చింది.

"అత్తా, నేను తలుపేసుకుంటాండా. నేను తీసేదాకా ఎవురినీ లోపలికి రానీకు."

"ఏమిటికి మ్మే?"

"చైనా పరీక్ష ఉండాది."

చిన్నసుబ్బమ్మ చేతిలోని కట్టె ఆగిపోయింది. "నీకా?"

"నేనే చేసేది అత్తా. టైమ్ అయిపోతాంది, మళ్ళా చెప్తాలే. దగ్గరికి మాత్రం ఎవురూ రాగూడదు. శానా జాగ్రత్తగా ఉండాల."

తలుపు మూసుకుంది. చిన్నసుబ్బమ్మ అక్కడే నిలబడిపోయింది. చైనా నుంచి ఇంతకుముందు వచ్చింది ఒక్కటే ఆమెకు తెలుసు. అప్పుడు కూడా పరీక్ష అన్నారు, దగ్గరికి రావద్దన్నారు, తలుపులు మూశారు. కోడలిని ఆ స్థితిలో వదిలి గొర్రెల వెంట పోవడానికి ఆమెకు కాళ్ళు రాలేదు. దొడ్డిలోంచి బయటపడిన గొర్రెలు ఎటు పోవాలో చెప్పేవాళ్ళు లేక వాకిట్లోనే తిరగసాగాయి.

గోడకు అవతల కుట్టుమిషను ముందు కూర్చున్న సైదున్నీసా తల ఎత్తి చూసింది. గండికోట రిజర్వాయరు నీళ్ళు పాత ఊరిని ముంచాక ఈ కాలనీలో పక్కపక్క ఇళ్ళు వచ్చిన నాటి నుంచి ఆ రెండిళ్ళ మధ్య దాపరికం లేదు.

"ఏందక్కా, ఇంగా గొర్లను తోలుకోని పోలేదే?"

"యాడికి పోయేది సైదున్నీసా? కోడలికి చైనా పరీక్షంట. తలుపేసుకోనుండాది. ఎవురూ దగ్గరికి పోగూడదంట."

సైదున్నీసా పైట కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అల్లా! మళ్ళా వచ్చిందా అది? దగ్గుండాదా?"

"తెల్లారుజామున నుంచి ఒగటే దగ్గు. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. కషాయం తాగింది."

"ఇంగేముంది మరి? అదే అది!" అని సైదున్నీసా ఫోను తీసింది.

శివప్రసాద్ అప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. సైదున్నీసాకు ఫోనులో మెల్లగా మాట్లాడే అలవాటు లేదు. "శివప్రసాదూ! నీ పెండ్లానికి చైనాది తగులుకునిందప్పా! తలుపేసుకోని లోపల ఒగతే ఉండాది! నువ్వు కూడా దూరంగా ఉండు!" అన్న మాటలు ముందు సీట్ల దాకా వినిపించాయి. పక్కన కూర్చున్న పెద్దమనిషి లేచాడు. వెనక సీటువాళ్ళు లేచారు. నిలబడడానికి చోటులేని బస్సులో శివప్రసాద్ చుట్టూ ఒక్కసారిగా బోలెడంత చోటు ఏర్పడింది. కండక్టరు ముక్కు మూసుకుని, "నువ్వు దిగుప్పా, నీకు పుణ్యముంటుంది" అన్నాడు. దారి మధ్యలో దిగి, చేతిరుమాలు మూతికి కట్టుకుని, ఊరివైపు పోయే ప్రతి బండికీ చేయి ఎత్తుతూ అతడు ఇంటివైపు పరుగెత్తాడు.

లోపల పరీక్ష మొదలైంది. మొదటి పాఠం ఒక తల్లీ కూతుళ్ళ సంభాషణ. కూతురు లైబ్రరీ నుంచి తల్లికి ఫోను చేసి ఆలస్యంగా వస్తానని చెబుతుంది. తల్లి గొంతు ఒక రకంగా, కూతురి గొంతు ఒక రకంగా పెట్టి కుసుమ చక్కగా చదువుతూ ఉంది. రెండో వాక్యం దగ్గర బయట మూగిన ఇరుగుపొరుగువాళ్ళ గుసగుసలు వినిపించాయి. నాలుగో వాక్యానికి అవి అరుపులయ్యాయి.

"హాస్పిటల్‌కు ఫోన్ చేయండప్పా! ఆంబులెన్స్ పిలిపించండి!" అంటోంది సైదున్నీసా.

"హాస్పిటల్లో బెడ్డు దొరుకుతాదో లేదో!" అంటున్నారెవరో.

ఆగకూడదు, తిరిగి చదవకూడదు. కుసుమ చేయగలిగింది ఒక్కటే. గొంతు పెంచింది. బయటివాళ్ళకు అదీ వినిపించింది.

"ఇనండి!" అని చిన్నసుబ్బమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒగసారి ఆడపిల్ల మాదిరి, ఒగసారి ముసల్దాని మాదిరి మాట్లాడతాంది. ఒగ ముక్కన్నా మనకు అర్థమైతాందా? జరం నెత్తికెక్కింది నా కోడలికి!"

తలుపు దబదబ మోగింది. కుసుమ ఇంకా గట్టిగా చదివింది. ఆమె ఎంత గట్టిగా చదివితే బయట అంత ఏడుపు. అలా ఒక్కో పాఠం గట్టెక్కిస్తూ, చెమటలు కారుతూ, చివరి పాఠానికి చేరింది. దూరదేశం నుంచి ఇల్లు చేరిన ఒక మామయ్య కథ అది. మూడే వాక్యాలు. ఇవి దాటితే ఒడ్డున పడినట్టే అనుకుంది.

మూడో వాక్యం మొదలుపెట్టబోతుండగా శివప్రసాద్ వచ్చి భుజంతో తలుపును గుద్దాడు. గడియ ఊడి ఎగిరిపోయింది. మూతికి రుమాలు కట్టుకున్న భర్త, కొంగు అడ్డం పెట్టుకున్న సైదున్నీసా, ఏడుస్తున్న అత్త, వాళ్ళ కాళ్ళ సందునుంచి తల దూర్చిన ఒక గొర్రె, అందరూ ఒకేసారి గడపలో కనిపించారు. కుసుమ ఆగలేదు. ఉద్యోగాన్ని పళ్ళతో పట్టుకున్నట్టు ఆ వాక్యాన్ని చివరిదాకా చదివింది. గొర్రె "మే" అంది. కుసుమ మైకు ఆపింది.

"ఏమైంది నీకు?" అన్నాడు శివప్రసాద్ రొప్పుతూ.

"నాకేమైంది? మీకేమైంది?"

సంగతి తేలడానికి కొంతసేపు పట్టింది. ఇంగ్లీషు పరీక్ష అని తెలిశాక వచ్చినవాళ్ళు కొంత నిరాశతోనే వెళ్ళిపోయారు. "పరీక్షంటే ఆ పరీక్షా? మొదులే చెప్పొద్దా?" అని సైదున్నీసా కోప్పడింది. "నేనడిగితే నిలబడి చెప్పినావా?" అని చిన్నసుబ్బమ్మ ముక్కు చీదింది. కుసుమ గడియ లేని తలుపు వంక చూస్తూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం వచ్చే ఫోనులో ఏముంటుందో ఆమెకు తెలుసు.

కానీ వచ్చిన ఫోనులో ఉన్నది వేరు.

"కుసుమ గారూ, ఒక పెద్ద సమస్య వచ్చింది" అంది చందన. "పిల్లలు కాపీ కొట్టారు."

"కాపీనా మేడం?"

"నలభై మందీ ఒకే తప్పు రాశారండి. అమ్మాయి ఎక్కడి నుంచి ఫోన్ చేసింది అంటే, లైబ్రరీ అని ఒక్కరూ రాయలేదు. అందరూ ఆస్పత్రి అనే రాశారు. మామయ్య ఇంటికి ఎలా వచ్చాడు అంటే, షిప్‌లో కదా వచ్చింది? అందరూ షీప్ మీద వచ్చాడని గుర్తు పెట్టారు. ఓడకీ గొర్రెకీ తేడా తెలుస్తుందో లేదో చూడాలనే ఆ ప్రశ్న పెట్టాం. ఒకరిద్దరు పొరబడ్డారంటే అర్థముంది. క్లాసంతా ఒకే తప్పు రాస్తే అది కాపీనే అంటోంది బడి. తల్లిదండ్రుల్ని పిలిపిస్తున్నారు. ఈ ఏడు వాళ్ళని పై పరీక్షకి కూర్చోనివ్వరట."

ఫోను పెట్టేశాక కుసుమకు మొదట కలిగింది సంతోషమే అని చెప్పుకోవాలి. చందన మాటల్ని బట్టి, పరీక్ష రికార్డింగును ఎవరూ వినలేదు. ఎవరూ వినబోరు కూడా. తాను నోరు మెదపకపోతే ఉద్యోగం నిలుస్తుంది.

"ఊరికే ఉండు" అన్నాడు శివప్రసాద్. "చైనా యాడ, జమ్మలమడుగు యాడ? వాళ్ళు మనల్ని చూసినారా, మనం వాళ్ళను చూసినామా?"

ఊరికే ఉండడానికి కుసుమ సాయంత్రం దాకా ప్రయత్నించింది. అన్నం ముందు కూర్చుని లేచింది. ఆ పిల్లల ముఖాలు ఆమెకు తెలియవు, పేర్లు పలకడం కూడా రాదు. అయినా బడికి పిలిస్తే తలవంచుకుని వచ్చే తల్లులు ఎలా ఉంటారో తెలుసు. అలాంటివాళ్ళను జమ్మలమడుగు బడిలో ఎందరినో చూసింది. వాళ్ళ పిల్లలు చేసిందల్లా చెవులు రిక్కించి వినడం. విన్నది రాశారు. అంతకన్నా బాగా పరీక్ష ఎవరు రాస్తారు?

ఉద్యోగానికి మనసులోనే నీళ్ళు వదులుకుని ఆమె ఫోను చేసింది.

"మేడం, పిల్లోల్ల తప్పు లేదు. తప్పంతా మా ఇంటిది" అని మొదలుపెట్టి కషాయం దగ్గర నుంచి గడియ దాకా చెప్పేసింది. "నేను మాత్రం షిప్పనే చదివినా మేడం, ఒట్టు. అంతలోకి గొర్రె అరిచింది. అది ఇని పిల్లోల్లు గొర్రె అనుకున్యారు. పాపం, వాళ్ళేం చేస్తారు?"

ఈసారి చందన గొంతులో పులివెందుల పలికింది. "ఇంట్లోకి గొర్రె యాడనుంచి వచ్చింది మ్మే?"

ఇద్దరూ ఫోనులోనే కలిసి రికార్డింగు విన్నారు. లైబ్రరీ సంగతి వెంటనే తేలిపోయింది. కుసుమ చదివిన లైబ్రరీ కన్నా సైదున్నీసా అరిచిన హాస్పిటల్ పదిరెట్లు స్పష్టంగా ఉంది. తెలుగు గొడవ మధ్యలోంచి ఆ ఇంగ్లీషు ముక్కను ఏరుకున్న పిల్లలను చందన కూడా మెచ్చుకుంది. కుసుమకు కొంచెం ధైర్యం వచ్చింది.

చివరి పాఠం వచ్చింది. గడియ ఊడిన చప్పుడు. "కుసుమా!" అన్న శివప్రసాద్ కేక. ఆ తరువాత, చుట్టూ అందరూ ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దంలో, కుసుమ గొంతు అక్షరం అక్షరం తీర్చినట్టు వినిపించింది.

"మై అంకుల్ కేమ్ హోమ్ బై షీప్."

ఆ తరువాత, తాపీగా, గొర్రె అరిచింది.

"ఇంగొగసారి పెట్టండి మేడం" అంది కుసుమ.

చందన మళ్ళీ పెట్టింది. కుసుమ బతిమాలితే మూడోసారీ పెట్టింది. మామయ్య ప్రతిసారీ షీప్ మీదనే వచ్చాడు.

"గొర్రె నీ తర్వాతనే అరిచింది కుసుమా" అంది చందన మెల్లగా. "నువ్వు చెప్పినాకనే, అవునా అని అడిగినట్టుండాది."

కుసుమ కళ్ళ ముందు ఆ క్షణం తిరిగి కదిలింది. పెదవులు తెర మీది వాక్యాన్ని చదువుతున్నాయి. కళ్ళు మాత్రం గడపలో ఉన్నదాన్ని చూస్తున్నాయి. తాను ఒట్టు పెట్టి మరీ నెపం వేసిన ఆ మూగజీవం, భర్త భుజం, అత్త కన్నీళ్ళు అన్నీ ఒక్కసారిగా నిర్దోషులై పక్కకు తప్పుకున్నాయి. ఆ వాక్యం పక్కన ఆమె ఒక్కతే మిగిలింది.

మరుసటి రోజు బడి నిందను వెనక్కి తీసుకుంది. తల్లిదండ్రులకు క్షమాపణ చెప్పింది. గందరగోళం మధ్య కూడా చెవిన పడిందే పొల్లుపోకుండా పట్టుకున్న ఆ నలభై మంది వినికిడి అమోఘమని కంపెనీ నివేదిక రాసింది. ఎగ్జామినర్ గురించి కూడా ఒక వాక్యం రాసింది. ఇకమీదట ఆమె ఎవరికైనా పరీక్ష పెట్టాలంటే, అదే వినే పరీక్షను ముందు తాను రాసి గట్టెక్కాలి.

ఆమె పరీక్ష రాసే రోజు ఇల్లంతా ఆమెకు సాయం చేసింది. చిన్నసుబ్బమ్మ చీకటితోనే మందను కొండకు తోలింది. సైదున్నీసా మిషను ఆపి, వీధి మొదట్లో నిలబడి, కూరగాయల బండిని కూడా అటు నుంచి అటే పంపేసింది. శివప్రసాద్ సెలవు పెట్టి, గడప బయట నోటి మీద వేలు పెట్టుకుని కాపలా కూర్చున్నాడు. కాలనీలో అంత నిశ్శబ్దం ఎన్నడూ లేదు. ఆ నిశ్శబ్దంలో ల్యాప్‌టాప్‌లోంచి ఎవరో దొరసాని గుక్క తిప్పుకోకుండా గడగడా చదువుకుపోయింది. మొదట్లో గుడ్ మార్నింగ్, చివర్లో థాంక్యూ కుసుమకు బాగా అర్థమయ్యాయి.

ఆమె బయటకు రాగానే శివప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఎట్ల రాసినావు?"

కుసుమ గడప మీద కూలబడింది.

"పక్కన ఆ చైనా పిల్లోల్లలో ఒగడన్నా కూచోనుంటే బాగనే రాసుందును."