నాలుగో అంతస్తు న్యూట్రినో

ఆ ఆదివారం పొద్దున హేమంత్ పెట్టుకున్న పనులు మూడే మూడు. బట్టలుతికి ఆరేసుకోవాలి, ఉప్మా చేసుకు తినాలి, ఆ తర్వాత కిందికి వెళ్ళి అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో ఒక అబద్ధం చెప్పి రావాలి. మూడూ అతనికి అలవాటైన పనులే కాబట్టి పెద్దగా బెంగ పెట్టుకోకుండా బకెట్లో సర్ఫు కలుపుకున్నాడు.

అబద్ధం సంగతేమిటో ముందే చెప్పేస్తాను. కొండాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంట్లో ఇల్లు ఫ్యామిలీలకే ఇస్తారు. పెళ్ళికాని మగవాడు ఎంత నెమ్మదస్తుడైనా, ఎంత పెద్ద కంపెనీలో పనిచేస్తున్నా, గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపేస్తారు. మూడేళ్ళ కిందట, హాస్టళ్ళలో విసిగిపోయి, టులెట్ బోర్డులు చూస్తూ తిరిగి తిరిగి కాళ్ళు పీకిన హేమంత్, సంఘం అధ్యక్షుడు రామ్మోహనరావు గారి ముందు కూర్చుని, మా ఆవిడ జూన్లో వచ్చేస్తుందండీ అనేశాడు. అతనికి ఆవిడ లేదు. వచ్చే సూచనలూ కనబడటం లేదు. జూన్లు మాత్రం వచ్చాయి, పోయాయి. ఆవిడకు బదిలీ కాలేదని ఒకసారి, అత్తగారికి మోకాలి ఆపరేషన్ అని ఇంకోసారి నెట్టుకొచ్చాడు. కానీ రామ్మోహనరావు గారు ప్రభుత్వాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. సాకులు వినీ వినీ ఆయన చెవులు గట్టిపడిపోయాయి. ఈ మీటింగు నాటికి ఆవిడ రాకపోతే ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని మొహం మీదే చెప్పేశారు.

ఆ ఇల్లు పోతే హేమంత్‌కు ఈ ఊళ్ళో ఇంకేమీ లేదు. ఎమ్మెస్సీలో భౌతికశాస్త్రం చదివి, ప్రపంచమంతా దేంతో తయారైందో ఆ మూలకణాల మీద పరిశోధన చేయాలని కలలుగని, ఆఖరికి హైటెక్ సిటీలో, ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగంలో తేలాడు. తప్పులు పట్టేవాణ్ణి టీకి పిలిచేవాళ్ళు ఏ ఆఫీసులోనూ ఉండరు. మధ్యాహ్నం ఫుడ్ కోర్టులో ఒక్కడే తింటాడు. సాయంత్రం బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎదురుగా వెలిగే ఆఫీసు అద్దాలను చూస్తూ క్వాంటం పాఠాలు వింటాడు. ఆ ఇంట్లో మనిషి గొంతంటూ వినబడేది ఆ పాఠాల్లోదే. అయినా అది తన ఇల్లు, తన కుర్చీ. అదీ పోతే, నలుగురు ఒక గదిలో ఉండి ఒకరి పేరొకరికి తెలియని హాస్టలే మళ్ళీ గతి.

పైగా తన అబద్ధానికి అతను శాస్త్రంలోంచి ఒక సమర్థన కూడా తెచ్చుకున్నాడు. వెనకటికి కొన్ని పరమాణువుల కేంద్రంలోంచి ఎలక్ట్రాన్ బయటికి వచ్చేటప్పుడు కొంత శక్తి లెక్కకు రాకుండా పోయేది. శక్తి ఊరికే మాయం కావటానికి వీల్లేదు. పెద్ద పెద్దవాళ్ళంతా తలలు పట్టుకు కూర్చున్నారు. అప్పుడు పౌలి అనే ఆయన, బరువు ఇంచుమించు లేనిదీ, విద్యుదావేశం లేనిదీ, దాదాపు దేన్నీ తాకకుండా అన్నిట్లోంచీ దూరిపోయేదీ ఒక కణం ఉందనీ, ఆ శక్తిని అదే పట్టుకుపోతోందనీ అన్నాడు. ఎవరూ చూడలేదు, ఏ పరికరానికీ చిక్కలేదు, అయినా ఉందనుకుంటే తప్ప లెక్క కుదరదు. తర్వాత దానికి న్యూట్రినో అని పేరు పెట్టారు. పాతికేళ్ళు దాటాక నిజంగానే దొరికింది. మీరు ఈ ముక్క చదివేలోపల కోటానుకోట్లు మీ బొటనవేలి గోరులోంచి దూసుకుపోయాయి, మీకేమైనా తెలిసిందా? హేమంత్ భార్యా అటువంటిదే. ఆవిడ ఉందనుకుంటే తప్ప ఆ అపార్ట్‌మెంట్లో అతని లెక్క కుదరదు. ఎప్పటికీ ఎవరికీ దొరకదని మాత్రం అతనికి గట్టి నమ్మకం.

బట్టలారేయటానికి బాల్కనీలోకి వెళ్ళేసరికి, ఎక్కడినుంచో గాలికి ఎగిరొచ్చిన చిలకపచ్చ నేతచీర ఒకటి కమ్మీలకు చుట్టుకుని ఉంది. కింద పడితే మట్టి కొట్టుకుపోతుందని దాన్ని తీసి, దులిపి, తన చొక్కాల పక్కన తీగ మీద వేశాడు. మీటింగయ్యాక వాచ్‌మన్‌కు ఇస్తే ఎవరిదో వాళ్ళకు చేరుతుందనుకున్నాడు. చెడ్డ ఆలోచనేం కాదు. కానీ ఆ బాల్కనీ గేటు దగ్గరికీ, పార్కింగుకీ, ఎదురు బ్లాకుకీ ఎంత బాగా కనబడుతుందో అతను ఆలోచించలేదు.

అతను కిందికి దిగేసరికి రామ్మోహనరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మూడేళ్ళలో హేమంత్ కోసం ఆయన లేవటం అదే మొదలు.

"మొత్తానికి వచ్చేశారన్నమాట. చీర చూశానండి. కాస్త ముందు చెబితే మా ఆవిడ హారతి పట్టి ఉండేది కదా," అన్నారు.

హేమంత్ నోరు తెరిచాడు. ఆ చీర మాది కాదంటే ఇల్లు పోతుంది. నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, నిన్న సాయంత్రమే దిగిందండీ అన్నాడు. అంతే, కొంప మునగటానికి అక్కడ శంకుస్థాపన జరిగింది.

రామ్మోహనరావు గారు వెంటనే వాచ్‌మన్ ఓదెలు వైపు తిరిగి, కొత్త మనిషి లోపలికొస్తే నాకు చెప్పవద్దా అని గద్దించారు. ఓదెలు నౌకరీ అంతా వచ్చేపోయేవాళ్ళను చూడటమే. చూడలేదంటే ఆ నౌకరీ దేనికన్న ప్రశ్న వస్తుంది. అందుకని తడుముకోకుండా, "చూసిన సార్. ఆటోల దిగింది. సన్నగ, పొడుగ్గ ఉంది. నేనే బ్యాగు లిఫ్టుల పెట్టిన," అన్నాడు. హేమంత్ అతని మొహంలోకి చూశాడు. ఓదెలు మాత్రం ఎటో చూస్తున్నాడు.

ఓదెలు భార్య భాగ్యమ్మ ఆ అపార్ట్‌మెంట్లో సగం ఇళ్ళల్లో పనిచేస్తుంది. ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియని పనిమనిషికి విలువేముంది? అడిగిన ప్రతి ఇంట్లోనూ, ఆ వచ్చినామె పొట్టిగా బొద్దుగా ఉంటుందనీ, తనను నోరారా అక్కా అని పిలిచిందనీ చెప్పింది. అధ్యక్షుడై ఉండి తానొక్కడే చూడలేదంటే బాగుండదని రామ్మోహనరావు గారు, లిఫ్టు దగ్గర ఎదురై నమస్కారం పెట్టిందనీ, చామనచాయ అయినా కళగల మొహమనీ అన్నారు. వాళ్ళు చెప్పినవాటికి పొంతన లేదని ఎవరికీ తోచలేదు. హేమంత్‌కు మాత్రం న్యూట్రినోలు మూడు రకాలనీ, ఒక రకంగా బయల్దేరినది దారిలో ఇంకో రకంగా మారిపోతుందనీ ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం రామ్మోహనరావు గారి భార్య సుబ్బలక్ష్మి గారు గోంగూర పచ్చడి జాడీతో పైకి వచ్చింది. తన భార్య స్నానానికి వెళ్ళిందని చెప్పి హేమంత్ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆవిడ అతని భుజం మీదుగా, కుర్చీలో మడతపెట్టి ఉన్న చిలకపచ్చ చీరను చూసింది. "మీ ఆవిడకు మంచి అభిరుచుందండీ. నాకూ అచ్చం ఇలాంటిదే ఉండేది. పొద్దున ఆరేస్తే గాలికి ఎటో కొట్టుకుపోయింది. ఇంకెక్కడ దొరుకుతుంది లెండి," అని నిట్టూర్చి వెళ్ళిపోయింది. హేమంత్ ఆ చీరను చేతుల్లోకి తీసుకుని, మళ్ళీ కుర్చీలోనే పెట్టేశాడు. ఇక దాన్ని తిరిగిచ్చే దారి కూడా మూసుకుపోయింది.

ఆ తర్వాత హేమంత్ భార్య పేరు చెప్పి ఆ ఇంటికి రానిది లేదు. గారెలు వచ్చాయి, బొబ్బట్లు వచ్చాయి, భాగ్యమ్మ మల్లెపూల మాల తెచ్చి తలుపు గొళ్ళానికి తగిలించి పోయింది. పూలు అద్దం దగ్గర మేకుకు వేలాడదీసి, మిగతావన్నీ హేమంత్ ఒక్కడే తిన్నాడు. పెళ్ళాం చేతి వంట తిని మనిషి తేరుకున్నాడని అందరూ అనుకున్నారు. లిఫ్టులో ఇప్పుడు జనం అతనితో మాట్లాడుతున్నారు. అయితే ప్రతి మాటా ఆవిడ గురించే. జలుబు, జ్వరంతో శాలువా కప్పుకుని మందులకు దిగితే, సుబ్బలక్ష్మి గారు ఎదురై, ఆ అమ్మాయికి అంటించకండి, వేరే గదిలో పడుకోండి అని హెచ్చరించింది. అతనికి తన లేని భార్య మీద ఈర్ష్య పుట్టింది. మూడేళ్ళుగా ఉన్నవాడు ఎవరికీ కనబడలేదు, మూడు వారాలుగా లేని మనిషి మీద ఇంతమందికి ఇంత ప్రేమ.

ఇంకో పిచ్చి పని కూడా మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తే ఇంట్లో మనిషి ఉన్నట్టుండాలని, ఆఫీసుకు వెళ్ళేటప్పుడు హాల్లో లైటు వేసి తాళం పెట్టేవాడు. మొదట అది భయం కొద్దీ చేసిన పనే. కానీ సాయంత్రం గేటులోకి తిరిగి తలెత్తితే నాలుగో అంతస్తు కిటికీలో వెలుగు కనబడేది. తన కాళ్ళు తన ప్రమేయం లేకుండానే త్వరత్వరగా పడుతున్నాయని అతను గమనించాడు. తలుపు తీసి లోపలికి వచ్చాక మాత్రం చెప్పులు విప్పటానికి కూడా ఓపిక ఉండేది కాదు.

ఆ లైటే అతని కొంప తీసింది. ఒక మధ్యాహ్నం సుబ్బలక్ష్మి గారు అమ్మాయిని పలకరిద్దామని వెళ్ళి బెల్లు కొట్టింది. జవాబు లేదు. తలుపు సందులోంచి చూస్తే లోపల లైటు, గొళ్ళానికి చూస్తే బయట తాళం. ఆవిడకు సంగతంతా అర్థమైపోయింది. పాపం పిల్లను లోపల పెట్టి తాళం వేసుకుపోతున్నాడు, అందుకే ఎప్పుడూ ఇద్దరూ కలిసి కనబడరు, అందుకే ఎవర్నీ గుమ్మం దాటనివ్వడు. లోపలినుంచి ఏడుపు కూడా వినబడినట్టుందని భాగ్యమ్మ కలిపింది. ఆదివారం పొద్దున్నే సంఘం అత్యవసరంగా సమావేశమైంది. హేమంత్‌ను, టిఫిను కూడా తిననివ్వకుండా, కిందికి పిలిపించారు.

తనను ఎంతటి దుర్మార్గుడనుకుంటున్నారో అర్థమయ్యేసరికి హేమంత్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. ఇల్లు పోతే పోయింది, ఈ అపవాదు మోయటం తన వల్ల కాదనుకున్నాడు.

"అండీ, నాకు పెళ్ళే కాలేదు. ఆవిడంటూ ఎవరూ లేరు. ఇంటి కోసం అబద్ధం చెప్పాను," అన్నాడు.

రామ్మోహనరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మరి ఓదెలు మోసింది ఎవరి బ్యాగండీ? భాగ్యమ్మను అక్కా అన్నదెవరు? నాకు నమస్కారం పెట్టిందెవరు? మూడేళ్ళు రాని మనిషిని వస్తుందన్నారు, నమ్మాం. ఇప్పుడు వచ్చిన మనిషిని లేదంటున్నారు. మేమంతా కళ్ళు లేనివాళ్ళమాండీ?"

కావాలంటే పైకొచ్చి చూసుకోమన్నాడు హేమంత్. అందరూ కదిలారు. అతను తొందరలో తాళం వేయకుండా దిగిన తలుపు తెరుచుకునే ఉంది. లోపల లైటు వెలుగుతోంది. కుర్చీలో చీర ఉంది. అద్దం పక్కన వాడిన మల్లెపూలున్నాయి. వంటింటి గట్టు మీద అందరి ఇళ్ళ గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నాయి. సుబ్బలక్ష్మి గారు ఖాళీ అయిన తన పచ్చడి జాడీ మూత తీసి చూసి, ఇంత పచ్చడి ఒక్క మనిషి తినగలడా అని అందర్నీ అడిగింది. ఎవరూ తినలేరని తేలింది. మరి అమ్మాయేదీ అని వెతుక్కుంటుంటే, గుమ్మం దగ్గర్నుంచి ఓదెలు, ఇప్పుడే కూరగాయలకు పోయిందన్నాడు. న్యూట్రినోను కూడా ఇంతవరకూ ఎవరూ నేరుగా చూడలేదు. అది తగిలిపోయిన గుర్తులు చూసే ఉందని ఒప్పుకున్నారు. ఆ పద్ధతిలో చూస్తే రుజువులో ఏ లోపమూ లేదని, శాస్త్రం చదివినవాడు కాబట్టి, హేమంత్‌కు ఒప్పుకోక తప్పలేదు.

తీర్మానం అక్కడికక్కడే జరిగిపోయింది. అంత ఓర్పుగల పిల్లను ఇబ్బంది పెట్టే ప్రసక్తే లేదు. "ఇల్లు ఫ్యామిలీకి ఇచ్చాం. ఫ్యామిలీ ఉంటుంది. ఆవిడ రమ్మనేదాకా మీరు బయట ఉండండి," అని రామ్మోహనరావు గారు తాళంచెవి తీసుకున్నారు. సుబ్బలక్ష్మి గారు కుర్చీలోని చీరను ఇంకోసారి నలగకుండా మడతపెట్టి, అమ్మాయి వచ్చాక చూసుకుంటుందని అలమారలో పెట్టింది.

రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని హేమంత్ కొండాపూర్ రోడ్ల మీద పడ్డాడు. మళ్ళీ ఆ హాస్టళ్ళే, మళ్ళీ ఆ మంచాల వరసలే. ఒకచోట మెట్లెక్కి, ఆ గది వాసన తగలగానే వెనక్కి దిగిపోయాడు. ఈ మహానగరంలో తన కోసం బెంగపడే ప్రాణి ఒక్కటి కూడా లేదని, ఫ్లైఓవర్ నీడలో నిలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు. ఎండ నెత్తికెక్కాక ఇంకెక్కడికి పోవాలో తెలియక మళ్ళీ ఆ గేటు దగ్గరికే వచ్చాడు.

ఓదెలు అడ్డంగా నిలబడ్డాడు. మేడం ఇంకా రాలేదనీ, ఆమె వచ్చి సరేనంటేనే పైకి పంపమన్నారనీ చెప్పాడు. హేమంత్ అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఎవరూ లేరు. నిజం చెప్పమని, ఆవిణ్ణి నువ్వు ఒక్కసారైనా చూశావా అని అడిగాడు.

ఓదెలు తన స్టూలును నీడలోకి లాగి అతన్ని కూర్చోబెట్టాడు. పక్కనున్న డబ్బా మూత తీసి, రెండు జొన్నరొట్టెలూ ఉల్లిగడ్డా అతని ముందుకు జరిపాడు.

"గట్ల అడుగుతరేంది సార్. చూడకపోతె ఎట్ల? పొద్దుగాల సంచి పట్టుకొని పోతుంటె నా దగ్గర ఆగింది. మా సారు పొద్దటిసంది ఏం తినలే, జర చూసుకో అని చెప్పి పోయింది."

హేమంత్ రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. స్టూలు మీద సర్దుకుని కూర్చుని, ఎంతసేపట్లో వస్తానందని అడిగాడు.