అధ్యక్షుడు కావలెను, రానక్కర్లేదు

శనివారం పొద్దున విష్ణుప్రియ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో దిగాలి, చర్చి వెనక గదిలో ఒక కమిటీ వేయాలి, మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. కమిటీ అంటే ఎంత, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి. ఉన్న సభ్యులు ఏడుగురు. ఏడుగురిలో ముగ్గుర్ని ఏరడం ఎంతసేపు అనుకునేవాళ్లు ఆ ఏడుగురినీ ఎరగరు.

అందరూ ఇంటి దగ్గర నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్లు. ఎవరి మెదడూ నలుగురి మెదడులా నడవదు. అదే వాళ్ల సంఘం. విష్ణుప్రియకు ఆటిజం. ట్యూబులైటు గుయ్యిమంటే తల పగిలిపోతుంది, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడమంటే మాట ఆగిపోతుంది. అజయ్ కుమార్‌కు ఏడీహెచ్‌డీ. ఒక పని ముగిసేలోపల ఇంకో నాలుగు మొదలుపెడతాడు. నెలకొకసారి ఆ గదిలో కూర్చుంటారు. మాట్లాడాలనిపిస్తే మాట్లాడతారు, లేకపోతే ఊరికే ఉంటారు. "ఏందీ, మొహం చూసి మాట్లాడవ్?" అని అడిగేవాళ్లు అక్కడ ఉండరు. నెల మొత్తంలో విష్ణుప్రియ నటించకుండా కూర్చోగలిగే చోటు అదొక్కటే.

ఇప్పుడు ఆ చోటు పోయేట్టుంది. గది తాళం జయరాజు సార్ దగ్గర ఉంటుంది. రిటైరైన హెడ్మాస్టరు, చర్చి పెద్ద, మంచి మనిషే. కమిటీ లేకుండా నలుగురు ఒకచోట కూర్చుంటే మాత్రం ఆయనకు అన్నం సయించదు.

"కమిటీ లేని సంఘం యాడుంటాది పాపా?" అన్నాడు పోయిన వారం. "రేపు ఏమన్నా అయితే నేనెవర్ని అడగాల? శనివారం మధ్యాహ్నానికి అధ్యక్షుడు కనపడకపోతే గది డ్రమ్ములు నేర్చుకునే పిల్లోళ్లకు ఇచ్చేస్తా."

"కిటికీకి కర్టెన్ అడిగినాం సార్. ఎండ కండ్లల్లో పడతాంది."

"అది గూడా కమిటీ వచ్చి అడగనీ."

సభ్యులను అడిగితే ఒక్కరూ పలకలేదు. పదవంటే ఫోన్లెత్తాలి, నలుగురి ముందు నిలబడాలి, "రెండు మాటలు మాట్లాడండి" అనిపించుకోవాలి. విష్ణుప్రియదీ అదే భయం. అందుకని ఆ భయం పోయేలా, ఉన్నదున్నట్టుగా ఒక ప్రకటన రాసింది. ఉన్నదున్నట్టు రాయడం ఆమె స్వభావం. ఈ లోకంలో అంతకన్నా ప్రమాదమైన అలవాటు ఇంకోటి లేదు.

"అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి కావలెను. చేయవలసిన పని ఏమీ లేదు. మాట్లాడనక్కర్లేదు. మీటింగుకు రానక్కర్లేదు. కోశంలో ఏమీ లేదు గనుక లెక్క చెప్పనక్కర్లేదు. శనివారం పొద్దున వచ్చి ఒక సంతకం పెడితే చాలు."

దాన్ని సభ్యులకు పంపమని అజయ్‌కు ఇచ్చింది. పంపాడు. పంపి ఊరుకుంటే అతను అజయ్ ఎందుకవుతాడు?

విష్ణుప్రియ చర్చి దగ్గరికి వచ్చేసరికి గేటు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. గది నిండా తెల్ల చొక్కాలు. ఏ చొక్కా లోపలి మనిషినీ ఆమె ఎప్పుడూ చూసి ఎరగదు. మిగతా సభ్యులు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మెట్ల కింద నక్కి ఉన్నారు.

"ఏం జరుగుతాంది ఈడ?"

"మనోళ్లు ఒక్కరు గూడా పలకలేదు గదా," అన్నాడు అజయ్ నేల చూపులు చూస్తూ. "ఇంకొంచెం మందికి పంపినా. నీకు చెప్దామనుకున్యా, మధ్యలో ఆఫీసు పని ఒకటి తగిలె."

"ఎవరెవరికి?"

"మా వీధి గ్రూపుకు. పాణ్యం మేనమామోళ్లకు. గడివేముల క్రికెట్ గ్రూపుకు. చాగలమర్రికి మాత్రం నేను పంపలే, అది దానంతటదే పోయింది."

విష్ణుప్రియకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి? పని లేదు, ప్రసంగం లేదు, హాజరు లేదు, లెక్క లేదు, పదవి మాత్రం ఉంది. ఈ గడ్డ మీద అలాంటి పదవికి మనుషులు రాకపోతే ఆశ్చర్యపోవాలి గాని, వస్తే ఏముంది? అందరికన్నా ముందు వచ్చినవాడు సిమెంటు కొట్టు సుబ్బరాయుడు. పొద్దున నడిచేవాళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, ఆయన నడవగా చూసినవాళ్లు మాత్రం లేరు. ఆయన మీద పోటీకి వచ్చినవాడు చాగలమర్రి టైర్ల కొండయ్య.

"అన్నా, ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల సంఘం," అంది విష్ణుప్రియ గోడకేసి చూస్తూ. "మెదడు తీరు వేరుగా ఉన్నోళ్లది."

"నాది వేరేనే పాపా," అన్నాడు సుబ్బరాయుడు. "మా ఇంటిది రోజూ అదే అంటాది."

"మా అల్లుడు సాఫ్ట్‌వేరు," అన్నాడు కొండయ్య. "వాడికి తీరిక లేదు. వాడి బదులు నేనొచ్చినా."

విష్ణుప్రియ జయరాజు సార్ దగ్గరికి పరిగెత్తింది. "సార్, వీళ్లెవరూ మా సభ్యులు కాదు. పొమ్మనండి."

ఆయన మొహం అప్పటికే వెలిగిపోతోంది. "ఇంత జనాన్ని పెట్టుకొని మనుషులు దొరకలేదంటివే. ముందు పదవులు కానియ్ పాపా, సభ్యుల సంగతి తర్వాత చూద్దాం."

మైకు వచ్చింది. అది కీచుమంటే విష్ణుప్రియ చెవులు మూసుకుని మెట్ల కిందికి పోయి మిగతావాళ్ల పక్కన చతికిలబడింది, వెనకే అజయ్ కూడా. ఏడుపొచ్చింది. ఒక్క గది అడిగినందుకు ఇదా? మాట్లాడనక్కర్లేదని రాస్తే వచ్చినవాళ్లు గంటసేపు మాట్లాడారు. అధ్యక్ష పదవి నాదంటే నాదని సుబ్బరాయుడు, కొండయ్య చొక్కాలు పట్టుకునేదాకా వెళ్లారు. జయరాజు సార్ ఊళ్లో అందరూ చేసే పనే చేశాడు, పదవులు పెంచాడు. సుబ్బరాయుడు అధ్యక్షుడు, కొండయ్య గౌరవాధ్యక్షుడు, మిగిలినవాళ్లకు ఉపాధ్యక్షులూ సహాయ కార్యదర్శులూ. చివరికి గదిలో పదవి లేని మనిషి లేడు.

"సంఘంలో సభ్యులు గూడా ఉండాల కదా," అని అప్పుడు గుర్తొచ్చింది సార్‌కు. "ఎవరన్నా ఉండారా?"

మెట్ల కింద నుంచి ఏడు చేతులు లేచాయి.

"సరిపోయింది," అన్నాడాయన.

మధ్యాహ్నమైంది, ఇక గది తమకే అనుకుని డ్రమ్ముల పిల్లలు డ్రమ్ములతో సహా వచ్చారు. వాళ్లను చూడగానే సుబ్బరాయుడికి ఊరేగింపు గుర్తొచ్చింది. శాలువా కప్పుకుని, "పదండప్పా, ఫ్లెక్సీ కొట్టిద్దాం. బేగా రాండి," అన్నాడు. డ్రమ్ములు ముందు, కమిటీ వెనక. గౌరవ సలహాదారు లేకుండా ఊరేగింపేమిటని జయరాజు సార్‌నూ లాక్కుపోయారు. పోతూ పోతూ ఆయన తాళం విష్ణుప్రియ చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచుకో పాపా. నేను కమిటీ పని మీద పోతాండా, మళ్లెప్పుడొస్తానో."

డ్రమ్ముల మోత వీధి చివర మలుపు తిరిగింది. ఏడుగురూ గదిలోకి వెళ్లి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. ట్యూబులైటు ఆర్పేశారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. విష్ణుప్రియ తాళాన్ని గుప్పిట్లోంచి తీసి భద్రంగా సంచిలో వేసుకుంది. అజయ్ కూడా లేవకుండా ఒకే కుర్చీలో కూర్చున్నాడు.

ఆళ్లగడ్డ నుంచి ఫోను. "భోజనానికి రావా ఏంది?" అంది తల్లి గోదాదేవి.

"రానుమా. ఈడ బాగుంది."

పొద్దు వాలేలోపల ఫ్లెక్సీ వచ్చింది. అందరి ఫొటోలూ పట్టేసరికి సంఘం పేరుకు చోటు మిగల్లేదు. రోడ్డున పోయేవాళ్లకు కనపడాలని దాన్ని సరిగ్గా ఆ కిటికీకి అడ్డంగా బిగించి పోయారు. గదిలో పడే ఎండ ఆగిపోయింది, కర్టెన్ గొడవ అంతటితో తీరింది.

ఆ తర్వాత ఒక్క మీటింగుకు కూడా కమిటీ రాలేదు. చెప్పింది చెప్పినట్టు చేసిన కమిటీ నంద్యాలలో ఇదొక్కటే.