చిరిగిన వైపరు చల్లగా ఉండాలి

కారు వైపరు రబ్బరు చిరిగిపోయిందని దిగులు పడుతున్నారా? పొరపాటున కూడా మార్చకండి. సంసారాన్ని నిలబెట్టేది అదే!

సరదాకి అంటున్నాననుకోకండి. నేను ఉత్త భయస్తురాలిని. కుక్కరు కూత కాస్త ఆలస్యమైతే పేలుతుందేమోనని వరండాలోకి పోయి నిలబడతాను. మా అమ్మాయి ఫోను ఎత్తకపోతే ఆసుపత్రుల నంబర్లు వెతుకుతాను. అలాంటి నేనే చెబుతున్నానంటే కాస్త ఆలోచించండి.

ఎండాకాలమంతా మా వారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను, ఆయన వైపు వైపరు రబ్బరు ఎండి పీలికలైంది, మార్పించండి అని.

"వానేదీ?" అనేవారు.

వాన రానే వచ్చింది. "ఈ వానలో ఎలా వెళ్లమంటావే?" అన్నారు.

ఎండలో అవసరం లేదు, వానలో వీల్లేదు. మరి వైపరు మార్చే కాలం ఏ క్యాలెండర్లో ఉంటుందో!

చివరికి నా పోరు పడలేక షాపుకి వెళ్లి, కోట గెలిచినట్టు తిరిగొచ్చారు. చూద్దును కదా, కొత్త బ్లేడు నా సీటు వైపు ఉంది.

"ఇదేమిటండీ?"

"డ్రైవరు వైపుకి పొడుగుది కావాలట. అది లేదన్నాడు. నీ వైపు పొట్టిది ఉందన్నాడు. ఉత్త చేతులతో రావడమెందుకని వేయించుకొచ్చా."

చెప్పులు దొరక్కపోతే టోపీ కొనుక్కొచ్చే మనిషి. ఏమనగలను?

కానీ ఆ తర్వాతే తెలిసింది, చిరిగిన వైపరు మహిమ. మా వారి స్పీడుకి నా ప్రాణాలు ఎప్పుడూ డ్యాష్‌బోర్డు మీదే ఉండేవి. ఇప్పుడు చినుకు పడితే చాలు, నత్తలు కూడా హారన్ కొట్టి మమ్మల్ని దాటిపోతున్నాయి. ఇక ఆ కిర్రు కిర్రు గోలలో స్టీరింగు ముందు కునుకు తీయడం ఎవరి తరం? ఇష్టం లేని పార్టీలంటారా, "మా వైపరు బాగాలేదండీ, వానొచ్చేలా ఉంది" అంటే సరి. మబ్బు కూడా అక్కర్లేదు!

వీటన్నిటికీ తలమానికం ఇంకొకటుంది. మొన్న సాయంత్రం జోరు వానలో అమ్మాయిని ఆఫీసు నుంచి తీసుకొస్తున్నాం. ఆయన ముందు వైపరు నీళ్లు తుడవాల్సింది పోయి పులుముతోంది. అద్దమంతా మజ్జిగ పోసినట్టుంది. నా వైపు మాత్రం రోడ్డు తేటగా కనబడుతోంది.

పెళ్లయిన నాటి నుంచీ "నువ్వు మాట్లాడితే నేను నడపలేను" అన్న నోటితోనే ఆయన, "మాట్లాడవేం? ముందేముంది?" అన్నారు.

"బస్సుంది, ఆగండి." ఆగారు.

"గొడుగు పట్టుకుని ఒకాయన దాటుతున్నాడు, ఆగండి." ఆగారు.

"ఏం లేదు, ఊరికే గుండె దడగా ఉంది, ఆగండి." ఆగారు!

చెప్పండి, ఇంత భాగ్యం ఏ ఇల్లాలికి దక్కింది?

ఆ భాగ్యం ఇంటి గేటు దాకా కూడా నిలవలేదు. వెనక సీట్లోంచి అమ్మాయి, "నాన్నా, నీకు కనబడట్లేదా? అమ్మ కళ్లతో నడుపుతున్నావా? రేపే మార్చెయ్ అది" అంది. ఒక్కసారే అంది. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు ఆయన కాఫీ అయినా తాగకుండా బయల్దేరి, ఊరవతల షాపు దాకా వెళ్లి, పొడుగు బ్లేడు వేయించుకొచ్చారు. చేతులు తుడుచుకుంటూ నాకు బోధించారు కూడా.

"వైపర్ని అశ్రద్ధ చెయ్యకూడదే. ప్రాణాల మీదికొస్తుంది. నీకు తెలీదు గానీ."

నాకు తెలీదు గానీ!

ఇప్పుడు ఎంత వానలోనైనా అద్దం తళతళలాడుతోంది. బండి మళ్లీ జోరందుకుంది. "మలుపులో కాస్త మెల్లిగా" అంటే రేడియో గొంతు పెరుగుతోంది. వైపరు మారిస్తే ఎంత నష్టమో చూశారా?

నిన్న ఆయన కారు కడుగుతుంటే వెనక టైర్లు చూశాను. గీతలన్నీ అరిగి గుండు కొట్టించుకున్నట్టున్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తడి రోడ్డు, వంతెన దిగుడు, ఎదురుగా లారీ... వద్దులెండి, నా కళ్లకి కట్టినవన్నీ చెబితే రేపట్నుంచి మీరూ కారెక్కరు.

ఆయనతో మాత్రం ఒక్క ముక్క అనలేదు. గదిలోకి పోయి, తలుపేసుకుని, అమ్మాయికి ఫోను చేశాను.

"నీకే తోచినట్టు ఒక్కసారి అనమ్మా. నేను చెప్పానని మాత్రం అనకు. అన్నావంటే ఆ టైర్లు ఇక ఈ జన్మకి మారవు."