ఇస్సాకు గారి కొత్త పళ్లు

డెబ్బై ఎనిమిదో సంవత్సరం జూన్ నెలలో ఒక మంగళవారం ఉదయం, కొత్తపేట బజారులో తాళ్లు, లాంతర్లు, గొడుగులు అమ్ముకునే ఇస్సాకు గారు ఒక చిన్న పథకం వేసుకున్నారు. ముందురోజు రాజమండ్రిలో కట్టించుకొచ్చిన కొత్త పళ్లు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కొట్లో నిండుగా నవ్వుతూ కూర్చోవాలి. అంతే. పళ్లు పీకించుకున్నప్పటి నుంచీ ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నారు, "రానివ్వండి, అసలు పళ్ల కంటే గట్టివంట, చెరుకు ముక్క కూడా నమిలేయొచ్చంట" అని.

కాని పొద్దున్నే అద్దం ముందు నిలబడి "కాఫీ" అనగానే పై వరస జారి కింది వరస మీద పడింది. "సుందరమ్మా" అని భార్యను పిలవబోతే సగం బయటికొచ్చింది. తల అడ్డంగా ఊపి చూశారు. నోట్లో టకటకమని చప్పుడైంది.

"రెండ్రోజుల్లో చిగుళ్లకి పట్టేస్తాయని డాక్టరు గారు చెప్పేరన్నారు కదండీ. ఈ రెండ్రోజులూ కొట్టు కట్టేసి ఇంటిపట్టునుండండి" అన్నారు సుందరమ్మ గారు.

ఇస్సాకు గారు గోడ మీది క్యాలెండరు చూపించారు. సంత రోజు. పైగా ఇవాళ పళ్లు చూడ్డానికే సగం బజారు వస్తుంది. కాబట్టి ఆయన అద్దం ముందు మరో పావుగంట నిలబడి, ప్రమాదం లేకుండా పలకగలిగే మాట కోసం వెతుక్కున్నారు. చివరికి ఒక్కటే దొరికింది. నోరు కాస్త తెరిచి గొంతులోంచి అంటే పళ్లు కదలని మాట, ఆ వైపు అందరూ "అవునండి"కి బదులు అనేది. "ఆయ్."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇస్సాకు గారి తండ్రి జీవితమంతా ఒకరి కొబ్బరితోటలో పాలేరుగా పనిచేశాడు. ఇష్టమున్నా లేకపోయినా, ఒంట్లో బాగున్నా బాగోకపోయినా, ఎవరేం చెప్పినా ఆయన తలవంచి "ఆయ్" అనేవాడు. అది చూస్తూ పెరిగిన కొడుకు, తాళ్ల చుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి, సొంతంగా కొట్టు పెట్టుకున్న రోజు నుంచీ ఎవరేం అడిగినా ముందు "కుదరదు" అనడం మొదలుపెట్టారు. అది పిసినారితనమని ఊళ్లో అనుకునేవారు. ఆయనకు మాత్రం కష్టపడి సంపాదించుకున్న వాటిలో కొట్టు తర్వాత అంత ఇష్టమైనది ఆ మాటే.

పదింటిదాకా ఇబ్బంది రాలేదు. "లాంతరు గ్లాసులున్నాయాండి?" అంటే "ఆయ్." "చేంతాడు ఇరవై గజాలుంటదాండి?" అంటే "ఆయ్." ఆ తర్వాత పక్క బట్టల కొట్టు గోవిందరాజులు గారు వచ్చారు.

"పళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయండి. పదేళ్లు తగ్గిపోయేరు."

"ఆయ్."

"మూడేళ్లుగా అడుగుతున్నాను, మళ్లీ అడుగుతున్నానని ఏవనుకోకండి. మీ తాటాకు పందిరి మా బోర్డుకి అడ్డంగా ఉందండి. తీయించేసుకోనా?"

ఇస్సాకు గారు అలవాటుగా "కుదరదు" అనబోయారు. "కు" దగ్గరే పై వరస కదిలింది. గబుక్కున నాలుకతో దాన్ని పైకి నొక్కి పట్టుకుని, ఊపిరి వదిలారు. ఆ ఊపిరితో పాటు బయటికొచ్చిన మాట, "ఆయ్."

గోవిందరాజులు గారికి ఒక్క క్షణం నమ్మకం కలగలేదు. కలిగాక మరి ఆగలేదు. అరగంటలో మనుషులొచ్చి పందిరి విప్పి పట్టుకుపోయారు. కాగితం మీద రాసి చూపిద్దామా అని ఇస్సాకు గారు అనుకోకపోలేదు. కాని నోరుండగా రాయడమేమిటని అడుగుతారు. చెరుకు ముక్క నమలాల్సిన పళ్లు మాటకే ఆగడం లేదని మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోతుంది. ఎండ మొహాన కొడుతున్నా ఆయన అలాగే నవ్వుతూ కూర్చున్నారు.

కాఫీ హోటల్లో కబురు పాకింది. "రాజమండ్రిలో పళ్లతో పాటు మనిషిని కూడా మార్చి పంపేరంటండి" అన్నారెవరో. వెంటనే ఆ హోటల్లో కూర్చున్న వీరవెంకటరమణ అనే కుర్రాడు వచ్చి కొట్లో నిచ్చెన అడిగి తీసుకెళ్లాడు. అతని వెనకే పాస్టరు గారు వచ్చారు. చర్చి పైకప్పుకి పెంకులు మారుస్తున్నారు. వార్షికోత్సవం దగ్గరపడింది. పాటల బృందం సాధన చేసుకోవడానికి చోటు లేదు.

"మీ వెనకాల గొడౌను ఒక్క వారం ఇప్పిస్తారేమోనని వచ్చేనండి, ఇస్సాకు గారూ."

ఇస్సాకు గారు ఈసారి తెలివిగా అసలు నోరు తెరవలేదు. వద్దు వద్దని రెండు చేతులూ పైకెత్తి ఊపారు. పాస్టరు గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆరాధనలో ఎంత చెప్పినా చెయ్యెత్తని మనిషి, పట్టపగలు బజారులో రెండు చేతులూ ఎత్తి స్తుతిస్తున్నాడు! ఆయన కూడా చేతులెత్తి అక్కడికక్కడే ప్రార్థన చేశారు. ప్రార్థన చివర చుట్టూ చేరినవాళ్లు "ఆమెన్" అంటే ఇస్సాకు గారు "ఆయ్" అనక తప్పలేదు. గంటలో హార్మోనియం, డోలకు, పదిహేను మంది గాయకులు గొడౌనులోకి దిగారు.

రెండున్నరకు సుందరమ్మ గారి తమ్ముడు యేసురత్నం సైకిలు దిగాడు. అతనితో ఇస్సాకు గారి కూతురు సలోమి. ఇంటరు ప్యాసైన సలోమికి నర్సింగు చదవాలని ఉంది. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి. ఇప్పటికి నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ "అంత దూరం కుదరదు" అన్నారు. దూరం అసలు కారణం కాదు. ఆ పిల్ల లేని ఇల్లు తలుచుకుంటేనే ఆయనకు అన్నం దిగదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"బావగారూ, ఇయ్యాల ఊరంతటికీ ఆయ్ అంటున్నారంట. మేవేం పాపం చేసేవండి? మూడు గంటల టపాకి పడాలి. సంతకం పెట్టేద్దురూ!"

ఇస్సాకు గారు లేచి నిలబడ్డారు. పందిరి పోయింది, నిచ్చెన పోయింది, గొడౌను పోయింది. పళ్లు పోతే పోనీ అనుకున్నారు.

"కుదరదు!"

పై వరస ఎగిరి వెళ్లి సరిగ్గా దరఖాస్తు మీద పడింది. యేసురత్నం రెండడుగులు వెనక్కి వేశాడు. ఇస్సాకు గారు అదే మాట మళ్లీ మళ్లీ అన్నారు గాని, బోసినోట్లోంచి గాలి తప్ప అక్షరాలు సరిగా రాలేదు.

"కుదురుద్ది అంటున్నారే బావగారు!" అంటూ యేసురత్నం గబగబా పెన్ను తీశాడు. "సలోమీ, కాగితం ఇలాగియ్యి!"

సలోమి ఇవ్వలేదు. పళ్లు తీసి కూజా నీళ్లతో కడిగి తండ్రి చేతిలో పెట్టింది.

"కుదరదనే అంటున్నారు మావయ్యా. పొద్దుటి నుంచీ అదే అంటున్నట్టున్నారు, ఎవరికీ వినపళ్లేదంతే." తండ్రి వైపు తిరిగింది. "ఇష్టం లేకుండా తాతయ్య ఎన్నిసార్లు ఆయ్ అన్నాడో మీరే చెప్పేరు నాన్నా. మీ చేత అలా అనిపించుకుని నేను చదవను." కాగితం నాలుగు మడతలు పెట్టింది.

గొడౌనులో పాట ఆగింది. ఇస్సాకు గారు చేతిలోని పళ్ల వైపు చూసి, కూతురి వైపు చూసి, మెల్లగా ఒక మాటన్నారు. ఆ రోజు మొత్తం మీద "ఆయ్" కాకుండా ఆయన నోట స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే.

"ఇల్లు బోసిపోద్దే."

సలోమికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సెలవలకి వస్తాను గదా నాన్నా. ప్రతి వారం ఉత్తరం రాస్తాను."

ఇస్సాకు గారు పళ్లు బల్ల మీద పెట్టారు. తర్వాత కాగితం ఇమ్మని చెయ్యి చాపారు. మడతలు విప్పి, తడిసిన చోటును తువ్వాలుతో అద్ది, నిదానంగా సంతకం చేశారు. యేసురత్నం సైకిలు ఎక్కిన వేగానికి చైను ఊడింది. మిగతా దూరం పరిగెత్తాడు. టపా అందింది.

సాయంత్రం గోవిందరాజులు గారు సంగతి తెలుసుకుని నొచ్చుకున్నారు. "మళ్లీ వేయించేస్తానండి పందిరి" అన్నారు. ఇస్సాకు గారు కొట్లోకి చూపించారు. వెలుతురు లోపలిదాకా పడుతోంది. అటకకి వేలాడే గొడుగులు వీధిలోంచి కనబడి, ఆ పూట ఏడు అమ్ముడుపోయాయి. పందిరి అక్కర్లేదని చేత్తో చెప్పారు. ఈసారి గోవిందరాజులు గారు రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నారు.

మూడో రోజుకి పళ్లు కుదురుకున్నాయి. ఇస్సాకు గారు పెరట్లో కూర్చుని "కుదరదు, కుదరదు" అని పదిసార్లు అనుకుని చూసుకున్నారు. ఒక్కసారి కూడా జారలేదు. ఆ హుషారులో ఉండగా సుందరమ్మ గారు కాఫీ తెచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"ఏవండీ, ఊళ్లో అందరూ ఏదో ఒకటి అడిగేసుకున్నారు. పెళ్లయి ముప్పై ఏళ్లయింది, నేనొక్కదాన్నే ఇంతవరకూ ఏవీ అడగలేదు..."

ఇస్సాకు గారు అడగమన్నట్టు తలూపి, పళ్లు తీసి మంచినీళ్ల గ్లాసులో వేసేశారు.